తోలు కాల్చి, కడిగి కోసిన పంది మాంసంలోకి బాక్టీరియా ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: సీమపందుల పెంపకందారు, చిత్తూరు జిల్లా

నమస్కారం. నాలుగేళ్లుగా పదిహేను సీమపందుల షెడ్డు నడుపుతూ, ఆదివారాలు ఒక పందిని కోసి చుట్టుపక్కల ఊళ్లవారికి అమ్ముతున్నాను. ఉడుకునీళ్లు పోసి బొచ్చు గీకి, తోలు ఎర్రబడేదాకా కాల్చి, మళ్లీ గీకిన తర్వాతే పొట్ట చీలుస్తాము. పేగులు తీశాక లోపలంతా బోరు నీళ్ల పైపుతో కడుగుతాము. ఇంత చేసినా, పోయిన నెలలో మాంసం కొన్న రెండు ఇళ్లలో పిల్లలకు జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు గానీ నా మనసు ఊరుకోవడం లేదు. పంది ఆరోగ్యంగానే ఉంది, మాంసం తాజాది, వండగా మిగిలినదాన్ని వాళ్లు ఫ్రిజ్‌లోనే పెట్టుకున్నారు. లోపం ఎక్కడ జరిగి ఉంటుంది?

సమాధానం: పశువైద్యుడు

ఆ పిల్లల జబ్బుకు మీ మాంసమే కారణమని పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు. అయితే మీరు రాసిన పద్ధతిలో నాకు భయం కలిగించేది తోలు కాదు, పొట్ట చీల్చిన తర్వాతి పని. విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉన్న పంది చాలాసార్లు ఏ జబ్బూ లేనట్టే మేత తింటూ తిరుగుతుంది. ఆ సూక్ష్మజీవి దాని పేగుల్లోనూ, పేగులను అంటిపెట్టుకున్న లసిక (లింఫ్) గ్రంథుల్లోనూ దాగి ఉంటుంది. బండిలో కుదుపులు తిని బెదిరిన పంది పేడలో అది మరింతగా బయటపడుతుంది. శుభ్రమైన పందిని కూడా మురికి దొడ్డిలో కొన్ని గంటలు నిలబెడితే చాలు, దానికీ అంటుకుంటుంది.

యెర్సీనియా ఎంటెరోకొలిటికా అనే మరో బాక్టీరియా పంది గొంతులోని టాన్సిల్స్‌లో ఉంటుంది. మీ ప్రశ్నకు ఇది బాగా దగ్గరి విషయం, ఎందుకంటే ఇది ఫ్రిజ్‌లోని 4 డిగ్రీల చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. ఇది సోకిన పిల్లలకు జ్వరం, విరేచనాలతో పాటు పొట్ట కుడివైపు నొప్పి వచ్చి, అపెండిసైటిస్ అని పొరబడే సందర్భాలూ ఉంటాయి. కాబట్టి తలను, నాలుకను, గొంతును అన్నిటికన్నా చివర, వేరే కత్తితో కోయండి.

పేగు చిట్లి మాంసం మీద మరక పడితే పైపు పెట్టి కడగవద్దు. కంటికి కనిపించే మరక పోతుంది గానీ, ఆ నీళ్లు దాన్ని పక్కటెముకల దాకా, తొడల దాకా పరుస్తాయి. మరక పడినంత మేర మాంసాన్ని కోసి పారేయడమే సరైన పని. కోయడానికి ముందు సుమారు 12 గంటలు మేత ఆపి నీళ్లు మాత్రం పెడితే పొట్ట ఖాళీ అవుతుంది, చిట్లే ప్రమాదం తగ్గుతుంది.

సమాధానం: డెన్మార్క్ కబేళాలో పనిచేసిన తెలుగువాడు

డాక్టరుగారు చెప్పినదానికి ఒక చిన్న పని చేర్చుతాను. పెద్దపేగు చివరిభాగాన్ని మలద్వారం చుట్టూ కోసి విడదీసిన వెంటనే, దాన్ని లోపలికి జారనివ్వకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా కట్టేయాలి. నార్వేలో 1990ల మధ్యలో ఈ పద్ధతి తెచ్చాక యెర్సీనియా కేసులు తగ్గాయి. ఒక సంచి, ఒక దారం, అర నిమిషం పని, అంతే. మేము ఒక పంది తర్వాత మరొక పందిని ముట్టుకునే ముందు కత్తిని 82 డిగ్రీల వేడినీళ్లలో ముంచేవాళ్లం. పందిని నేలమీద పడుకోబెట్టి కాకుండా, వేలాడదీసి కోసేవాళ్లం. డెన్మార్క్‌లో సాల్మొనెల్లా అదుపు కార్యక్రమం 1995లో మొదలైంది. మాంసం నుంచి కారిన రసాన్ని పరీక్షించి ఫారాలను మూడు స్థాయిలుగా విడదీస్తారు, మూడో స్థాయి ఫారాల పందులను విడిగా, మరింత జాగ్రత్తగా కోస్తారు.

సమాధానం: పశువైద్యుడు

కోసేవారి చేతుల గురించి కూడా చెప్పాలి. 2005లో చైనాలోని సిచువాన్‌లో స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బాక్టీరియా 215 మందికి సోకి 38 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది జబ్బుపడిన, చచ్చిన పందులను కోసినవారే. చేతి మీది చిన్న గాటు కూడా దానికి దారి అవుతుంది, బతికినవారిలో కొందరికి వినికిడి పోతుంది. జ్వరంతో ఉన్న పందిని నష్టానికి భయపడి కోయకండి.

పెంపకందారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న పెద్దపేగు చివర సంచి పెట్టి పురికొసతో కట్టాను. మొదటిసారి ముడి జారింది, రెండోసారి నిలిచింది. పొట్టలో ఒక్క చుక్క పడలేదు. ఖైమా కొనేవారికి ఏమని చెప్పాలి?

పశువైద్యుడు

ముక్క పైభాగంలో ఉన్న బాక్టీరియా ఖైమా కొట్టేటప్పుడు లోపలంతా కలిసిపోతుంది. అందుకే లోపలి వేడి 71 డిగ్రీలకు చేరాలి. థర్మామీటరు లేనివారికి, ఎక్కడా ఎరుపు మిగలకుండా, పొగలు కక్కేదాకా ఉడికించమని చెప్పండి. పచ్చి ఖైమా కలిపిన చేత్తో ఉల్లిపాయలు, కొత్తిమీర ముట్టుకోవద్దని కూడా చెప్పండి.