సింగిల్ ఫేజ్ మీద త్రీ ఫేజ్ మెషిన్లు: మీరేం వాడుతున్నారు?

పాతలేత్: షెడ్డులో ఉన్నది 230 వోల్టుల సింగిల్ ఫేజే. 3 హెచ్‌పీ లేత్, 1 హెచ్‌పీ మిల్లింగ్, ఒక కంప్రెసర్, మూడూ త్రీ ఫేజ్ మోటార్లే. అన్నిటికీ కలిపి ఒక రోటరీ కన్వర్టర్ (తిరిగే మోటార్‌తో మూడో ఫేజ్ పుట్టించేది) పెట్టనా, మెషిన్‌కో వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్ చేసి స్పీడ్ కూడా మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) పెట్టనా? కంప్రెసర్ సంగతి తప్పకుండా చెప్పండి.

తీగచుట్ట: స్టాటిక్ కన్వర్టర్ జోలికి మాత్రం పోకండి. కెపాసిటర్‌తో మోటార్‌ని లేపి వదిలేస్తుంది, ఆ తర్వాత అది సింగిల్ ఫేజ్ మీదే ఈడ్చుకుంటూ తిరగాలి, పవర్ మూడింట రెండు వంతులు వస్తే గొప్ప. కట్ కాస్త లోతుగా ఇస్తే చాలు మూలిగేది, చివరికి వైండింగ్ మాడింది.

సగంహెచ్‌పీ: వీఎఫ్‌డీయే. నాబ్ తిప్పితే స్పీడ్ మారిపోతుంది, నేను బెల్టు ముట్టుకుని ఏడాదైంది.

కాయిల్‌గురు: బెల్టు మార్చకుండా స్పీడ్ బాగా తగ్గిస్తే మోటార్ ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. అదలా ఉంచండి, నేమ్ ప్లేట్ ఎవరైనా చూశారా? మామూలు 230 వోల్టుల వీఎఫ్‌డీ లోపలికి ఎంత వస్తే బయటికీ అంతే ఇస్తుంది, 400 చెయ్యదు. ప్లేట్ మీద 230/400 ఉంటే, డెల్టాలో (మూడు వైండింగ్‌లూ చుట్టూ గొలుసులా కలిపితే) 230, స్టార్‌లో (మూడు చివరలూ ఒకే ముడి వేస్తే) 400 కావాలని అర్థం, అందుకే డెల్టాకి మార్చాలి.

సగంహెచ్‌పీ: నాది ఎలా వచ్చిందో అలాగే పెట్టాను. బ్రహ్మాండంగా తిరుగుతోంది.

కాయిల్‌గురు: ఖాళీ చక్ ఎలాగైనా తిరుగుతుంది. స్టార్‌లో ఉంటే 400 రావాల్సిన చోట 230 వస్తోంది, టార్క్ మూడో వంతుకి పడిపోతుంది. ఎన్నో మోటార్లు చుట్టిన చేత్తో చెప్తున్నా.

సగంహెచ్‌పీ: నా షెడ్డుకొచ్చి చూశారా మీరు? చుట్టినవాళ్లందరికీ నడపడం వచ్చని రూలేం లేదు.

తీగచుట్ట: కొట్టుకోకండి. నా మోటార్ బాక్సులో మూడే తీగలున్నాయి, డెల్టా ఎలా?

కాయిల్‌గురు: స్టార్ ముడి వైండింగ్ లోపలే కట్టేశారు. మూత విప్పి, ఆ ముడి వెతికి విడదీసి, మూడు తీగలు బయటికి లాగాలి. ఓపిక కావాలి, వార్నిష్ పెళుసుగా ఉంటుంది.

చిప్పులబుట్ట: నా ఏడుపూ వినండి. వీఎఫ్‌డీకీ మోటార్‌కీ మధ్యలో పాత ఫార్వర్డ్-రివర్స్ స్విచ్ తీయకుండా వదిలేసి, లేత్ తిరుగుతుండగానే రివర్స్ కొట్టాను. ఠప్‌మంది, కొత్త డ్రైవ్ పోయింది. ఆ స్విచ్ తీగలు వీఎఫ్‌డీ కంట్రోల్ టెర్మినళ్లకి వెళ్లాలట, మోటార్‌కి కాదు.

ఐడ్లర్5: అందుకే నేను రోటరీ. 5 హెచ్‌పీ ఐడ్లర్ (మూడో ఫేజ్ పుట్టించడానికి ఖాళీగా తిరిగే మోటార్) ఒకటి తిరుగుతుంటే మెషిన్లన్నీ దాని మీదే, ఏ స్విచ్చూ మార్చక్కర్లేదు. ఒక్కటే, తయారైన మూడో ఫేజ్ మీద కాంటాక్టర్ (మోటార్‌ని ఆన్ చేసే కరెంటు స్విచ్) కాయిల్ పెట్టొద్దు, లోడ్‌ని బట్టి దాని వోల్టేజ్ ఊగుతుంది. శబ్దమంటారా, అలవాటైపోతుంది.

కాయిల్‌గురు: రోటరీ కూడా వోల్టేజ్ పెంచదు సార్. ట్రాన్స్‌ఫార్మర్ ఉందా?

ఐడ్లర్5: ఉంది లెండి.

పాతలేత్: లేత్, మిల్లింగ్ ప్లేట్ల మీద 230/400 ఉంది. కంప్రెసర్ మీద 400 డెల్టా, అంటే డెల్టాలోనే 400 కావాలి. దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు!

చిప్పులబుట్ట: దానికి సింగిల్ ఫేజ్ మోటార్ బిగించేయండి అన్నా, టెన్షన్ ఉండదు.

సగంహెచ్‌పీ: ఇప్పుడే బాక్సు విప్పాను. స్టార్‌లోనే ఉంది. డెల్టాకి మార్చాను. ఎవరూ ఏమీ అనొద్దు.

కాయిల్‌గురు: వీఎఫ్‌డీలో ఆంపియర్లు కూడా ప్లేట్ మీది డెల్టా అంకెకి మార్చారా?