రోజూ పనికి ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తి: మందంగా ఉంటేనే మేలా?

గోడౌన్_గువ్వ
నా పని సగం గోడౌన్‌లో, సగం సైట్‌లో. రోజంతా కోసేవి అట్టపెట్టెలు, వాటికి బిగించిన ప్లాస్టిక్ పట్టీలు, నైలాన్ తాళ్లు, కేబుల్ టైలు, అప్పుడప్పుడు రబ్బరు గొట్టం. ఎప్పుడైనా గుంజకి మొన చెక్కాల్సి వస్తుంది. ఇన్నాళ్లూ మడత కత్తితో నెట్టుకొచ్చాను. కానీ కీలులోకి సిమెంటు దుమ్ము పోతే కరకరమంటుంది, గ్లవ్స్ వేసుకుని తెరవడం కుదరదు, పైగా మూసేటప్పుడు వేలు ఎక్కడుందో చూసుకోవాలి. ఇక మడతల గోల వద్దు, బ్లేడు మడవని ఫిక్స్‌డ్ కత్తే కావాలనుకున్నా.
రెండు రకాలు చూస్తున్నా. ఒకటి స్వీడన్ వాళ్ల మోరా కంపానియన్ స్టెయిన్‌లెస్, బ్లేడు వెన్ను (పదునుకి ఎదుటి అంచు) మందం 2.5 మి.మీ. రెండోది కా-బార్ బెకర్ బీకే2, పావు అంగుళం, అంటే 6.35 మి.మీ., బరువు దాదాపు 450 గ్రాములు. తోటివాళ్లంతా మందంది తీసుకో, జీవితాంతం ఉంటుంది అంటున్నారు. మీరేమంటారు? కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా అన్నది కూడా తేల్చండి.

మొండిబండ
మందందే. ఆలోచించక్కర్లేదు. పనిలో కోయడం ఒక్కటే ఉండదు బాస్, పెట్టె మూత లేపాలి, మేకు పీకాలి, బిగిసిపోయినదాన్ని కదపాలి. 2.5 మి.మీ. బ్లేడుతో ఆ పని చేస్తే మొన టప్పుమని విరిగి ఎగురుతుంది, కళ్లలో పడితే ఎవరు బాధ్యత? మందం ఉన్న ఫుల్ టాంగ్ కత్తి, అంటే పిడి చివరిదాకా ఉక్కు నడిచిన కత్తి ఉంటే టెన్షన్ ఉండదు.

సానరాయి
> పెట్టె మూత లేపాలి, మేకు పీకాలి

అందుకు చిన్న ప్రై బార్ దొరుకుతుంది కదండీ. అరచేయంత ఉంటుంది, జేబులో పడుంటుంది. గువ్వ గారు రాసిన జాబితా మళ్లీ చదవండి. పట్టీలు, తాళ్లు, అట్ట, గొట్టం, అన్నీ కోతలే. మేకు పీకడం అందులో ఎక్కడుంది? ఎప్పుడో ఒకసారి వస్తుందేమోనన్న పని కోసం రోజూ చేసే పనిని కష్టం చేసుకోవడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే, పైగా ఆ బ్రహ్మాస్త్రాన్ని పొద్దస్తమానం నడుముకి వేలాడేసుకుని తిరగాలి.

అయినా "మందం" అనే మాటని అందరూ వెన్ను దగ్గర కొలుస్తున్నారు. కోతకి లెక్కలోకి వచ్చేది పదునుకి కాస్త పైన బ్లేడు ఎంత మందం ఉందన్నదే. రెండు పొరల అట్టని పొడుగునా చీల్చి చూడండి. మొదటి బెత్తెడు హాయిగా వెళ్తుంది, తర్వాత అట్ట రెండు పక్కల నుంచి బ్లేడుని పట్టేస్తుంది. పదును తగ్గిందనుకుని మనం ఇంకా బలంగా లాగుతాం. నిజానికి పదును బాగానే ఉంటుంది, మందమే ఇరుక్కుంటోంది. అలా బలమంతా పెట్టి లాగేటప్పుడు అట్ట ఒక్కసారిగా వదిలేసిందంటే కత్తి ఎటు వెళ్తుందో మన చేతిలో ఉండదు. నేను చూసిన దెబ్బలు ఎక్కువగా ఇలా తగిలినవే, మొన విరిగి తగిలినవి కావు.

చెక్కపొట్టు
సానరాయి గారి మాట సగం ఒప్పుకుంటా. మిగతా సగానికి లెక్క చూపిస్తా, ఎందుకంటే "సన్నం" అనగానే అందరూ మోరానే చూపిస్తున్నారు.

మోరాది స్కాండీ గ్రైండు. అంటే బ్లేడు పక్కలు చదునుగా దిగివచ్చి, కింద ఆఖరి కొన్ని మిల్లీమీటర్లలోనే ఒక్కసారిగా పదునుకి వాలుతాయి. దాంతో ఆరేడు మిల్లీమీటర్లు ఎక్కేసరికే మొత్తం 2.5 మి.మీ. మందం వచ్చేస్తుంది. ఇప్పుడు వెన్ను 6 మి.మీ., వెడల్పు 30 మి.మీ. ఉన్న బ్లేడుని వెన్ను నుంచి పదును దాకా ఒకే వాలుగా, ఫుల్ ఫ్లాట్‌గా అరగదీశారనుకోండి. పదును నుంచి 10 మి.మీ. పైన దాని మందం సుమారు 2 మి.మీ. అంటే అక్కడ మోరా కంటే ఈ "లావు" కత్తే కాస్త సన్నం! 20 మి.మీ. పైకి వెళ్తే మాత్రం అది 4 అవుతుంది, మోరా 2.5 దగ్గరే ఆగిపోతుంది. పట్టీలకీ తాళ్లకీ ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, లోతుగా దిగే అట్టలో తెలుస్తుంది.

కర్ర చెక్కడానికి స్కాండీని మించింది లేదు. వాలు మొత్తం కర్ర మీద ఆనుతుంది, ఎంత లోతు చెక్కుతున్నామో చేతికే తెలుస్తుంది. అట్టలో మాత్రం ఆ వాలు పైనున్న భుజం తట్టుకుంటుంది. గువ్వ గారి పనికి నేనైతే 2.5 నుంచి 3 మి.మీ. వెన్నుతో ఫుల్ ఫ్లాట్ తీసుకుంటా. అందులో 10 మి.మీ. పైన మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరే ఉంటుంది.

సానరాయి
చెక్కపొట్టు గారు, లెక్క సరిగ్గా ఉంది, కాదనను. కానీ ఆ లావు కత్తుల్లో వెన్ను దాకా ఫ్లాట్‌గా తీసినవి ఎన్ని? చాలావాటికి వాలు బ్లేడు మధ్య నుంచే మొదలవుతుంది. అప్పుడు మీ 2 మి.మీ. లెక్క నిలవదు, 10 మి.మీ. దగ్గరే మూడు, నాలుగు వచ్చేస్తుంది. కొనే ముందు పదును వైపు నుంచి కాకుండా మొన వైపు నుంచి, కంటికి ఎదురుగా పట్టుకుని చూస్తే సంగతి తెలిసిపోతుంది.

తుప్పువేటగాడు
స్టీలు సంగతి ఎవరూ ఎత్తలేదే. బీకే2 లాంటి వాటిలో వాడేది 1095 తరహా కార్బన్ స్టీలు. కార్బన్ దాదాపు 0.95 శాతం, క్రోమియం నామమాత్రం. పదును చక్కగా ఎక్కుతుంది, సాన మీద మాట వింటుంది, కానీ చెమట చేత్తో పట్టుకుని అలాగే ఒరలో పెడితే మర్నాటికి మచ్చలే. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. మోరా స్టెయిన్‌లెస్ కత్తికి వాడే 12సీ27 అనే స్టీలులో 13.5 ఉంటుంది. డీ2 అని ఇంకోటుంది, అందులో క్రోమియం 12 శాతం దాకా ఉన్నా చాలా భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్లుగా, అంటే గట్టి రేణువులుగా బిగుసుకుపోతుంది కాబట్టి అదీ మచ్చలు పడుతుంది. "12 శాతం ఉంది కదా, తుప్పు పట్టదు" అని అమ్మేవాళ్ల మాట వినకండి.
ఉప్పునీళ్ల దగ్గర పని అయితే కథ వేరు. అక్కడ కార్బన్ బదులు నైట్రోజన్ మీద ఆధారపడిన హెచ్1 లాంటి స్టీళ్లు చూసుకోవాలి.

మొండిబండ
కార్బన్ స్టీలుకి నూనె చుక్క రాస్తే చాలు కదా, మా ముందుతరం వాళ్లు వాడలేదా? పైగా వాడేకొద్దీ నల్లటి పొర కడుతుంది, అదే కాపాడుతుంది.

తుప్పువేటగాడు
ఆ నల్లపొర ఎర్రతుప్పుని నెమ్మదింపజేస్తుంది, ఆపదు. నూనె మాట నిజమే, కానీ పని అయ్యాక అలసిపోయి ఇంటికి వెళ్లేవాడు రోజూ కత్తికి నూనె రాస్తాడా? రాసే ఓపిక ఉంటే కార్బన్ బ్రహ్మాండం. లేకపోతే స్టెయిన్‌లెస్. ఇందులో మగతనం, పాతకాలం లాంటివి ఏమీ లేవు. ఇంకోటి, కార్బన్ కత్తిని తోలు ఒరలో పెట్టి నెలల తరబడి దాచకండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది.

కట్టర్_చాలు
అందరూ పెద్ద పెద్ద లెక్కలు వేస్తున్నారు గానీ, ఇతనికి అసలు ఫిక్స్‌డ్ కత్తే ఎందుకు? బ్లేడు ముక్క విరిచి పారేసే కట్టర్ ఉంది కదా. ఆ పద్ధతి జపాన్‌లో 1956లో వచ్చింది, ఓల్ఫా వాళ్లది. మొద్దుబారితే ఒక ముక్క టక్కున విరిస్తే కొత్త పదును. సాన లేదు, నూనె లేదు, తుప్పు గొడవ లేదు. అట్టకి దీన్ని మించింది చూపించండి.

సానరాయి
అట్టకి నిజంగానే లేదు, చూపించలేను. అట్టలో దుమ్ము, సన్నటి ఇసుక ఉంటాయి కాబట్టి ఎంత మంచి పదునైనా తినేస్తుంది. పారేసే బ్లేడు అక్కడ సరైనదే. కానీ రబ్బరు గొట్టాన్ని అడ్డంగా కోసేటప్పుడు ఆ బ్లేడు వంగుతుంది, కోత వంకరపోతుంది, పక్కబలం పడితే గాటు దగ్గర పుటుక్కున విరుగుతుంది. విరగడానికే గాట్లు పెట్టినదాని మీద బలం పెట్టడమేంటి! గుంజ చెక్కడం మాట ఎత్తనే వద్దు. విరిచిన ముక్కలు నేల మీద పారేసే మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్లకో దండం.

ఒరలో_వేలు
కత్తి గురించి ఇంత మాట్లాడి ఒర గురించి ఒక్క ముక్క లేదు. రోజూ మోసుకు తిరిగేవాడికి సగం సుఖం, సగం ప్రమాదం ఒరలోనే. తలకిందులుగా పట్టుకుని దులపండి, కత్తి జారితే ఆ ఒర పనికిరాదు. అడుగున నీళ్లు, ఇసుక పోవడానికి కన్నం ఉండాలి. కత్తి తీసేటప్పుడు ఒర చుట్టూ గుప్పెట బిగించొద్దు. పదును వైపు కుట్టు తెగిన తోలు ఒర అయితే బ్లేడు అందులోంచి నేరుగా వేళ్ల మీదకే వస్తుంది. నడుం వెనక, వెన్నెముక మీద అడ్డంగా పెట్టుకునే ఫ్యాషనొకటుంది, వెనక్కి పడితే దాని మీదే పడతారు. పక్కకి, కూర్చుంటే పొడుచుకోనంత ఎత్తులో పెట్టుకోండి.
పిడి కూడా గ్లవ్స్ వేసుకునే పట్టి చూడండి. వేళ్లు బ్లేడు మీదకి జారకుండా ముందు చిన్న అడ్డు ఉంటే తడిచేతులకి ధైర్యం. బ్లేడు 10 సెం.మీ. ఉంటే ఈ పనులన్నిటికీ చాలు.

చెక్కపొట్టు
ఒర మాట నిజం. నేను చూసిన ఒక కంపెనీ కత్తి (పేరు వద్దు) బ్లేడు బంగారం లాంటిది, ఒర క్లిప్పు మాత్రం కొన్నాళ్లకే తెగింది. ఫుల్ టాంగ్ గురించి కూడా ఒక మాట. ఉలిలా పెట్టి వెనక కొట్టే అలవాటుంటే అది కావాలి, మోరాలోనే గార్బర్గ్ ఉంది, 3.2 మి.మీ. కోతలకే అయితే పిడిలో సగం దాకా దిగిన ఉక్కు చాలు. ఫిన్లాండ్ వాళ్ల పుక్కో కత్తుల్లో సన్నటి తోక పిడిలోకి దిగి ఉంటుంది, వాళ్లు తరాలుగా వాటితోనే పని చేస్తున్నారు.

బస్తాల_బాబాయ్
మధ్యలో వస్తున్నా. ఫిక్స్‌డ్ కత్తి బయట పెట్టుకుని తిరగడానికి ఒక్కో చోట ఒక్కో చట్టం. పని చోట పర్లేదు, దారిలో కుదరకపోవచ్చు. ముందు అది కనుక్కోండి. విమానంలో అయితే చేతిసంచిలో అస్సలు వద్దు.

గోడౌన్_గువ్వ
అందరికీ థాంక్స్. మందందాని మీద మోజు తీరిపోయింది. అట్టకి కట్టర్, మిగతా అన్నిటికీ 3 మి.మీ. లోపు ఫుల్ ఫ్లాట్ స్టెయిన్‌లెస్, మేకులకి ప్రై బార్. ఒర ప్లాస్టిక్‌ది. ఇంకొక్క సందేహం: పదును ఎంత నున్నగా పెట్టాలి? అద్దంలా మెరిసేదాకానా?

మొండిబండ
ప్రై బార్ కొంటున్నారు కాబట్టి ఊరుకుంటున్నా 😄

సానరాయి
అద్దం మెరుపు వద్దు. నైలాన్ తాడు, పట్టీ కోసే కత్తికి 400, 600 గ్రిట్ (రాయి గరుకుదనం కొలత) రాయి దగ్గర ఆపితే పదునులో కంటికి కనపడని పళ్లుంటాయి, అవే తాడుని పట్టుకుని కోస్తాయి. మరీ నున్నగా చేస్తే తాడు మీద జారుతుంది. ఒక్కో పక్క 18, 20 డిగ్రీలు పెట్టండి. రెండు పక్కలా రాయి మీద నడిపాక అంచుకి అడ్డంగా బొటనవేలు మెల్లగా జరిపి చూడండి, ఒక వైపు గీరుకుంటున్నట్టు తగిలితే అది బర్, అంటే అంచు మీద లేచిన సన్నటి ఉక్కు పొర, దాన్ని తేలిక చేత్తో తీసేయాలి. తీయకపోతే మొదటి పట్టీకే పదును మడతపడుతుంది. రాయి దగ్గర లేనప్పుడు పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద నాలుగుసార్లు లాగండి, ఆ పూట గడుస్తుంది.
బిగుతుగా ఉన్న పట్టీ కోసేటప్పుడు మాత్రం మొహం పక్కకి పెట్టుకోండి, తెగిన కొస కొరడాలా లేస్తుంది.