కర్రసాముకి సిలబస్, బెల్టులు, పోటీలు పెట్టాలా? పాత పద్ధతిలోనే నేర్పాలా?

పొదిలి పీఈటీ
మా స్కూల్లో పిల్లల్ని అడిగితే కరాటే, తైక్వాండో పేర్లు చెప్తారు. కర్రసాము అంటే పీర్ల పండగప్పుడో, శ్రీరామనవమి ఊరేగింపులోనో తాతలు తిప్పేదని నవ్వుతారు. కారణం ఒకటే. కరాటేకి బెల్టు ఉంది, సర్టిఫికెట్ ఉంది. పక్కన తమిళనాడులో వాళ్ల కర్రసాము అయిన సిలంబాన్ని ప్రభుత్వ ఉద్యోగాల 3 శాతం స్పోర్ట్స్ కోటాలో చేర్చారు. 2024 జనవరిలో అక్కడ జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో ప్రదర్శన క్రీడగా పెట్టారు. మనం కూడా సిలబస్ రాసి, గ్రేడ్లు పెట్టి స్కూళ్లలో నేర్పితే తప్ప ఇది బతకదు. ఏమంటారు?

మూలాపేట తాలింఖానా
సార్, మా తాత నెల్లూరులో తాలింఖానా, అంటే సాము నేర్పే చోటు, నడిపారు. నేనూ అక్కడే నేర్చుకున్నా. మీరు చెప్పే పోటీల్లో కర్ర ఒంటికి తగిలితే పాయింటు. దాంతో పిల్లలు ఎట్టాగైనా ముందు తగిలించాలని తల వదిలేసి లోపలికి దూకుతారు. నిజంగా ఎదుటివాడి చేతిలో గట్టి వెదురు ఉంటే ఆ పిల్లాడి పుర్రె పగులుతుంది. మా తాత మొదటి మూడు నెలలు కొట్టడం నేర్పేవారు కాదు, అడుగులూ కాపూ (దెబ్బ కాచుకోవడం) మాత్రమే. ఏ సిలబస్‌లో ఇంత ఓపిక ఉంటుంది? ఇప్పుడు వీడియోల కోసం తేలిక ఫైబర్ కర్రలు గిరగిరా తిప్పుతున్నారు. అది సాము కాదు. కర్ర నుదురు దాకా రావాలి, బరువుండాలి.

కావలి వెంకట్
నుదురు దాకా అనేది సిలంబం లెక్క అన్నా. మా వైపు చెవి దాకానే పట్టేవాళ్లు.

మూలాపేట తాలింఖానా
చెవి దాకా పడితే దూరం తగ్గుతుంది. ఎవరు నేర్పారు మీకు?

కావలి వెంకట్
మా నాయన. ఆయన ఎవరికీ తీసిపోడు. పొట్టి కర్రయితే ఇరుకు సందులో కూడా తిరుగుతుంది, మీ పొడుగు కర్ర గోడకి తగులుతుంది.

పొదిలి పీఈటీ
కర్ర పొడవు ఊరికొక రకంగా ఉందంటే, దాన్ని రాసి పెట్టాల్సిన అవసరం ఇంకా ఎక్కువనే కదా అర్థం. రెండు పద్ధతులూ రాద్దాం. పెద్దవాళ్లు పోతే రాయడానికి కూడా ఎవరూ మిగలరు.

పెన్నా ఒడ్డు
పోటీల్లో చేర్చినంత మాత్రాన ఏమీ స్థిరం కాదు. కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు 2023 గోవా నేషనల్ గేమ్స్‌లో పతకాల పోటీ. 2025లో ఉత్తరాఖండ్‌కి వచ్చేసరికి ప్రదర్శనకి దించేశారు, కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. పిల్లల భవిష్యత్తు అంతా ఢిల్లీ జాబితా మీద పెడితే, జాబితా మారిన రోజున వాళ్లు కర్ర పక్కన పడేస్తారు.

మూలాపేట తాలింఖానా
బాగా చెప్పారు. ఇంకోటి కూడా చెప్తా. ఒక అకాడమీ వాళ్లు మా ఇంటికొచ్చి, మా తాత చేసి చూపించినవన్నీ వీడియో తీసుకుపోయారు. ఆరు నెలల తర్వాత చూస్తే అవే అడుగులు, అవే కాపులు, వాళ్ల మాస్టర్ పేరు మీద సర్టిఫికెట్లు. నెలకి ఫీజు. మా తాత పేరు ఎక్కడా లేదు. ఆయన ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, పండక్కి ఒక పంచె పెడితే చాలనేవారు. మీ సిలబస్ కూడా ఇట్టాగే తయారవుతుంది.

ఒంగోలు లక్ష్మి
మా అమ్మాయికి నేర్పించాలని మా వైపు ఒక పెద్దాయన్ని అడిగాం. "ఆడపిల్లకి ఎందుకమ్మా" అన్నాడు. కేరళలో వడకరలో మీనాక్షి అమ్మ ముసలి వయసులో కూడా కలరి నేర్పుతున్నారు, ఫీజు అడగరు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. పాత పద్ధతి అంటే ఏ పాత పద్ధతి? మా పిల్ల చివరికి కరాటేలో చేరింది.

మూలాపేట తాలింఖానా
ఎవరో ఒకాయన అన్న మాటకి సంప్రదాయాన్నంతా తప్పు పట్టొద్దమ్మా. మా తాలింఖానాలో హిందువులు, ముస్లింలు అందరూ కలిసి తిప్పారు. మొహర్రం వస్తే బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే ఊరు మాది. మాకు ఎవరూ కలుపుగోలుతనం నేర్పాల్సిన పని లేదు. ఊరికే జీతం తీసుకుని విజిల్ ఊదే సార్లకి గురువు విలువ ఏం తెలుస్తుంది?

పొదిలి పీఈటీ
విజిల్ ఊదే సారు అన్నారు కాబట్టి చెప్తున్నా. మా నాయన చిన్నప్పుడు మా ఊరి సాము గరిడీ ప్రహరీ బయట నిలబడి చూసేవాడు. గోడ మీద నుంచి కనపడేంత వరకే నేర్చుకున్నాడు. లోపలికి రానివ్వలేదు. మాది ఎస్సీ కాలనీ. ఇంటికొచ్చి చీపురు కర్రతో మాకు చూపించేవాడు, సగం సగం. ఆ మిగతా సగం ఆయనకి చివరిదాకా తెలియదు. హిందూ ముస్లింలు కలిసి తిప్పారు, నిజమే, సంతోషం. మీ తాలింఖానాలో మా పల్లె పిల్లలు ఎంతమంది తిప్పారు? ఒక్క పేరు చెప్పండి.

కావలి వెంకట్
సార్, కులం మాట ఇక్కడ వద్దు...

పొదిలి పీఈటీ
ఎందుకు వద్దు? నాకు కావాల్సింది బెల్టు కాదు. స్కూల్ గ్రౌండ్‌కి గేటు దగ్గర ఎవరూ కూర్చుని నువ్వు రా, నువ్వు రావొద్దు అనరు. అందుకే సిలబస్ అంటున్నా. గురువు దయ మీద ఆధారపడని చోట నేర్పాలి.

పెన్నా ఒడ్డు
ఈ మాట మొదటి పోస్టులోనే రాసుంటే బాగుండేది సార్.

మూలాపేట తాలింఖానా
పేరు చెప్పలేను సార్. మా తాత హయాంలో ఎవరూ లేరు. ఇప్పుడు నా దగ్గర వచ్చే పిల్లల్ని నేను కులం అడగను, ఆడపిల్లలూ వస్తున్నారు. మీ నాయన గారికి జరిగింది అన్యాయం. కానీ నా మాట మారదు. పుస్తకంలో చూసి నేర్పితే దెబ్బ వస్తుంది, ఎక్కడ చెయ్యి ఆపాలో రాదు. అది పక్కన నిలబడి మణికట్టు పట్టుకుని నేర్పాల్సిందే.

పొదిలి పీఈటీ
అయితే మీరే స్కూళ్లకి రండి. మణికట్టు పట్టుకునే నేర్పండి. మీ తాతగారి పేరు సిలబస్ మొదటి పేజీలో ఉంటుంది, అది నా బాధ్యత.

మూలాపేట తాలింఖానా
ముందు మీరే ఆదివారం పొద్దున మీ పిల్లల్ని తీసుకురండి. లక్ష్మి గారూ, మీ అమ్మాయిని కూడా. ఫీజు లేదు. వీడియో మాత్రం తీయనివ్వను.

పొదిలి పీఈటీ
తీసుకొస్తా. వీడియో సంగతి మాత్రం ఒప్పుకోను. మా నాయనకి తెలియని ఆ సగం నాకు రికార్డులో ఉండాలి.