వీల్‌చైర్‌లో ఉన్న పాపని క్లాసు డాన్సులో ఎలా కలపాలి?

ప్రశ్న:
రెండో తరగతి టీచర్‌ని. యానివర్సరీ డాన్సుకి పిల్లలంతా ఒక టీవీ యాడ్‌లోని స్టెప్పులే కావాలంటున్నారు, అందులో అన్నీ గెంతులే. వీల్‌చైర్ వాడే పాప "నేను చప్పట్లు కొడతాలే టీచర్" అనేసింది. విన్నప్పటి నుంచి మనసు బాగాలేదు. ఎవరైనా ఇలాంటిది చేయించారా?

జవాబు 1:
చేయించాను. ముందు ఆ పాపనే అడగండి, తనకేం చేయాలనుందో. వీల్‌చైర్ డాన్స్ 1968లోనే స్వీడన్‌లో మొదలైంది. ఒకరు కుర్చీలో, ఒకరు నిలబడి చేస్తే కాంబీ, ఇద్దరూ కుర్చీల్లోనే ఉంటే డ్యుయో. కుర్చీ గిర్రున తిరగడం, టక్కున ఆగడం, వెనక్కి జారడం, ఇవన్నీ స్టెప్పులే కదా, మిగతా పిల్లలు వాటి చుట్టూ కదిలితే సరి. తనని అడక్కుండా మాత్రం ఎవరూ కుర్చీ తొయ్యకూడదు. స్టేజీ మీద వైర్లు తీయించండి.

జవాబు 2:
యాడ్ సంగతీ వదలకండి. ఈ వయసు పిల్లల్లో చాలామందికి అది అమ్మడానికే తీశారని సరిగా అర్థం కాదు. స్వీడన్‌లో 12 ఏళ్ల లోపు వాళ్ల కోసం తీసే టీవీ యాడ్‌లు నిషేధం, కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో 1980 నుంచే 13 ఏళ్ల లోపు వాళ్లకి. ఆ యాడ్‌ని సౌండ్ లేకుండా చూపించి "ఇందులో ఎవరు లేరు?" అని అడిగి చూడండి.

జవాబు 3:
జనం కన్నీళ్లు పెట్టుకోవాలని పాపని స్టేజీ మధ్యలో కూర్చోబెట్టకండి, ప్లీజ్.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ అడిగాను. "స్పీడుగా తిరగాలి, కానీ ముందు వరసలో వద్దు" అంది. పార్ట్‌నర్‌గా ఉంటామని అప్పుడే ముగ్గురు కొట్టుకుంటున్నారు!