సైట్లు ఒక్క క్రోమ్‌కే రాస్తే తప్పేంటి?

సెమికోలన్:
ఒపెరా 2013లోనే పేజీని గీసి చూపించే సొంత ఇంజిన్ వదిలేసింది. 2020లో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ కూడా క్రోమ్‌కి ఆధారమైన క్రోమియంకి మారింది. మిగిలినవి సఫారీ, ఫైర్‌ఫాక్స్. ఆ రెండింటి కోసం ప్రతి పేజీ మళ్ళీ టెస్ట్ చేస్తూ కూర్చోవాలా? క్రోమ్‌లో నడిస్తే చాలు, ఇక స్టాండర్డ్ అంటే అదే.

పాతబగ్గు:
ఐఈ6 (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6) గురించీ ఇలాగే అనేవాళ్ళు. పోటీ పోయేసరికి 2001 నుంచి 2006 దాకా మైక్రోసాఫ్ట్ కొత్త వెర్షనే ఇవ్వలేదు. దాని కోసమే రాసిన ఆఫీసు సాఫ్ట్‌వేర్లతో మేం పడ్డ తిప్పలు మీకేం తెలుసు?

సెమికోలన్:
క్రోమ్‌కి, ఐఈకి పోలికా? వెనకబడింది సఫారీ. ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్టే ఉండాలన్నది ఆపిల్ కాదా? యూరప్‌లో చట్టం వచ్చాకే కదా 2024లో అక్కడ సడలించింది!

గళ్ళచొక్కా:
పేజీలో లోపలి గళ్ళని బయటి గళ్ళకి సరిపెట్టే సబ్‌గ్రిడ్ ఫైర్‌ఫాక్స్‌లో 2019లో వచ్చింది, సఫారీలో 2022లో. మీ క్రోమ్‌లో 2023 సెప్టెంబర్‌లో.

సెమికోలన్:
సబ్‌గ్రిడ్ ఎవరు వాడతారండీ?

గళ్ళచొక్కా:
నేను.

పాతబగ్గు:
పోయిన వారం బిల్లు కట్టే సైటొకటి ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే ‘ఈ బ్రౌజర్‌లో పనిచేయదు, క్రోమ్ వాడండి’ అని బోర్డు. యూజర్ ఏజెంట్, అంటే బ్రౌజర్ సైటుకి చెప్పుకునే పేరు, మార్చి క్రోమ్ అని చెప్పించాను. అదే పేజీ ఓటీపీ దాకా సాఫీగా నడిచింది. అంటే పనిచేయక కాదు, టెస్ట్ చేయడానికి బద్ధకం.

సెమికోలన్:
బద్ధకమా? మాటలు కాస్త చూసుకోండి. అలాంటి బోర్డు నేనూ పెట్టాను. తేదీకీ టైముకీ మధ్య ఖాళీ ఉంటే క్రోమ్ అర్థం చేసుకునేది, పాత సఫారీ ‘ఇన్‌వాలిడ్ డేట్’ అనేది. శుక్రవారం రాత్రి క్లయింట్ ఫోన్ చేసి తిట్టారు. విండోస్‌కి సఫారీ ఇవ్వడం ఆపిల్ 2012లోనే మానేసింది. మ్యాక్ కంపెనీ కొనివ్వదు. ఎక్కడ టెస్ట్ చేయమంటారు?

గళ్ళచొక్కా:
స్పెక్ (స్టాండర్డ్ రాసిన పత్రం) ప్రకారం ఆ ఖాళీలో ‘టి’ అక్షరం ఉండాలి. లేకపోతే ఏం చేయాలన్నది బ్రౌజర్ ఇష్టం. సఫారీ తప్పేం లేదు.

సెమికోలన్:
క్లయింట్‌కి స్పెక్ చదివి వినిపించమంటారా? హెచ్‌టీఎమ్మెల్ స్పెక్ పగ్గాలు కూడా ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లాల చేతుల్లోనే ఉన్నాయి. వాళ్ళు కొట్టుకుంటారు, చాకిరీ మాది.

పాతబగ్గు:
అయితే మీ గొడవ మ్యాక్ కొనివ్వని కంపెనీతో. ఆ కోపం ఫైర్‌ఫాక్స్ వాడేవాడి మీద ఎందుకు? వాడికి మీరు తలుపేశారు.

సెమికోలన్:
తలుపేయమన్నది మేనేజర్. మీరు సొంతంగా పని చేసుకుంటున్నారు, ఎన్ని సూత్రాలైనా చెబుతారు. నాకు నెలాఖరుకి జీతం పడాలి.

గళ్ళచొక్కా:
‘టి’ పెడితే చాలు. ఒక్క అక్షరం.

కొత్తఖాతా:
పాతబగ్గు గారూ, ఆ యూజర్ ఏజెంట్ ఎక్కడ మార్చాలి? నాకూ అదే బోర్డు వస్తోంది.