మే చివర్లో మ్యూర్ క్యాంప్: స్నోషూలా, మైక్రోస్పైక్సా?

సియాటెల్_శీను: వచ్చే శనివారం ఆఫీసు వాళ్లం అయిదుగురం రెయినియర్ కొండ మీద ప్యారడైజ్ పార్కింగ్ నుంచి పైనున్న మ్యూర్ క్యాంప్ దాకా నడిచి వెళ్దామనుకుంటున్నాం. ఇక్కడ ఊళ్లో ఎండ మండిపోతోంది. స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్లకి కట్టుకునే వెడల్పాటి పలకలు) అద్దెకు తీసుకోవాలా, మైక్రోస్పైక్స్ (బూట్ల మీద తొడుక్కునే ముళ్ల గొలుసులు) సరిపోతాయా?

మంచుదారి: చాలవు. ప్యారడైజే 5,400 అడుగుల ఎత్తు, మ్యూర్ 10,000 పైన. మే చివర్లో కూడా పార్కింగ్ దాటగానే మంచే. పొద్దున్నే గట్టిగా ఉంటుంది, స్పైక్స్ కరకరా పట్టుకుంటాయి, హాయిగానే ఉంటుంది. ఎండెక్కాక అదే మంచులో కాలు మోకాలి దాకా దిగిపోతుంది, దాన్ని లాగుదామని రెండో కాలి మీద బరువేస్తే అదీ దిగిపోతుంది. స్నోషూలు తీసుకోండి.

స్కీ_మామ: ప్రతి ఏడాదీ ఇదే పాట. దారిలో వచ్చే పానరామా పాయింట్ కింద వాలుని అడ్డంగా దాటేటప్పుడు స్నోషూ పక్కకి జారుతుంది, ఎప్పుడైనా చూశారా? పైగా మేం తెల్లారకముందే లేచి స్కీలతో వేసుకున్న బాట మీదే మీరు నడిచి గుంటలు చేసి పోతారు. ఓ గజం పక్కన నడిస్తే ఏం పోయింది?

మంచుదారి: బాట మీ తాతగారిదా? శీను అడిగింది స్నోషూల గురించి.

చలిమంట: మళ్లీ మొదలెట్టారా బాబూ 😀

కిర్క్‌లాండ్_కోడలు: కాళ్లకి ఏం వేసుకోవాలన్న దగ్గరే ఆగిపోయారు మీరిద్దరూ. నిరుడు జూన్‌లో ఒక గ్రూపుతో వెళ్లాను, నా దగ్గర రెండూ ఉన్నాయి. పానరామా దాటాక వచ్చే పెబుల్ క్రీక్ వాగు దగ్గర నేను వెనకబడ్డానని లీడరు "మీరిక్కడే కూర్చోండి, పైదాకా వెళ్లి వచ్చేస్తాం" అని మిగతావాళ్లతో వెళ్లిపోయాడు. కాసేపటికి మబ్బు దిగింది, చాచిన స్టిక్ చివర కూడా కనబడలేదు. కింద వాగు చప్పుడు వినిపిస్తోంది, నేను కూర్చున్న మంచు ఎంత మందమో తెలీదు.

స్కీ_మామ: అందుకే నెమ్మదిగా నడిచేవాళ్లు రాకూడదంటాను.

మంచుదారి: ఇదన్నమాట సంగతి! మీ బాధ బాట గురించి కాదు, అసలు మేం రావడమే మీకు కిట్టదు.

స్కీ_మామ: రావద్దనలేదు. వాట్సాప్‌లో దొరికినవాళ్లందర్నీ పోగేసి పది గంటలకి నింపాదిగా బయల్దేరొద్దంటున్నా. మబ్బులో మ్యూర్ కింది మంచు మైదానం మీద దారి తప్పితే ఒకవైపు నిస్క్వాలీ గ్లేసియర్ (కదిలే మంచునది), ఇంకోవైపు ప్యారడైజ్ గ్లేసియర్, రెండింట్లోనూ పగుళ్లే. ఏప్రిల్ దాటాక రోజువారీ అవలాంచ్ (మంచు విరిగిపడే ప్రమాదం) సూచన కూడా ఉండదు, మనమే చూసుకోవాలి. అలాంటప్పుడు తిరిగిపోదామని చెప్పేదెవరు? "ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చాం కదా" అని ఒక్కడంటే చాలు, అందరూ పైకే.

మంచుదారి: ఈ ముక్క ముందే అనుంటే నేనూ అవునందును. కానీ ఆవిణ్ణి వదిలేసి పోయింది వేగంగా నడిచేవాళ్లేనండీ, అది మర్చిపోకండి. వెనకున్న మనిషి ఆగితే గ్రూపంతా దిగాలి, అంతే.

స్కీ_మామ: అలాగైతే మీరు జన్మలో మ్యూర్ చేరరు.

మంచుదారి: చేరకపోతే ఏమవుతుంది?

కిర్క్‌లాండ్_కోడలు: ఆ లీడరు ఆ రోజు చేరాడు లెండి. ఫొటోలు కూడా పెట్టాడు.

సియాటెల్_శీను: మాలో ఒకడికి మంచు ఎక్కడం ఇదే మొదటిసారి. వాణ్ణి చూసుకుంటూ పానరామా దాకా వెళ్తాం, అక్కణ్ణుంచి మ్యూర్ సంగతి వాడే చెప్తాడు. జీపీఎస్ ట్రాక్ ఫోన్‌లో దించుకుంటా. అద్దె స్నోషూలు శుక్రవారం సాయంత్రం దొరుకుతాయా, ముందే చెప్పి ఉంచాలా?