ఆక్లాండ్‌కు కొత్తగా వచ్చిన చెల్లెలి ప్రశ్న: యజమాని బెదిరింపు, వీసా భయం

ప్రశ్న: నాది దేవరకొండ వైపు ఊరు. చదువుకోవడానికి ఆక్లాండ్ వచ్చాను. ఊళ్లో తెలిసిన ఒకాయన ద్వారా మసాజ్ పార్లర్‌లో రిసెప్షన్ పని దొరికింది. ఇప్పుడు యజమాని నన్ను గదుల్లోకి వెళ్లి కస్టమర్లు అడిగినది చేయమంటున్నాడు. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది. ట్రైనింగుకు, గది అడ్వాన్సుకు బాకీ ఉన్నానంటున్నాడు. మానేస్తే ఇమిగ్రేషన్ వాళ్లకు చెబుతానని, ఇంటికి ఫొటోలు పంపుతానని బెదిరిస్తున్నాడు. ఇక్కడ ఆ వృత్తి నేరం కాదట కదా, మరి పోలీసులు నా మాట వింటారా?

జవాబు (పాలమూరు అక్క, ఆక్లాండ్):

చెల్లెమ్మా, వింటారు. వయోజనులు తమ ఇష్టంతో లైంగిక సేవలు అమ్ముకోవడం న్యూజిలాండ్‌లో 2003 నుంచి నేరం కాదన్న మాట నిజమే; ఆ ఏడాది ప్రాస్టిట్యూషన్ రిఫార్మ్ యాక్ట్ పార్లమెంటులో 60–59 ఓట్లతో గట్టెక్కింది. అయితే మీ యజమాని మీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ వృత్తిని నేరాల్లోంచి తీసేసిన ఆ చట్టమే, మనిషిని బెదిరించో ఆశపెట్టో అందులోకి దింపేవాడికి 14 ఏళ్ల దాకా జైలుశిక్ష పెట్టింది.

ఆ చట్టంలోని 16వ సెక్షన్ చదవండి. అతను మీతో అన్న మాటలు అందులో దాదాపు వరుసగా కనబడతాయి. ఎవరైనా ఈ దేశంలో అక్రమంగా ఉన్నారని బయటపెడతాననడం, పరువు తీవ్రంగా దెబ్బతినేలా ఫలానా తప్పు చేశారని చెబుతాననడం, ఉద్యోగంలో తనకున్న అధికారాన్ని మీకు నష్టం కలిగేలా వాడతాననడం, వీటిలో ఏది చేసినా, అది మిమ్మల్ని ఆ పనికి ఒప్పించడానికైతే, నేరమే. అతను బయటపెడతానన్నది నిజమా అబద్ధమా అన్నదానితో చట్టానికి పనిలేదు. బెదిరింపును నోరు తెరిచి చెప్పి ఉండాల్సిన అవసరం కూడా లేదు, మాటల్లో ధ్వనించినా చాలు. ఊళ్లో పరువు పోతుందన్న భయాన్ని పట్టుకుని ఆడపిల్లలను ఎంతగా వంచవచ్చో మనకు తెలిసిందే. ఇక్కడి చట్టం ఆ ఎత్తుగడను పేరుపెట్టి నిషేధించింది. పైగా 17వ సెక్షన్ ప్రకారం, ముందు ఒప్పుకుని సంతకం చేసిన మనిషి కూడా ఏ క్షణంలోనైనా వద్దనవచ్చు. చట్టబద్ధంగా నడిచే బ్రోతల్‌లో పనిచేసే ఒక మహిళను దాన్ని నడిపేవాడు లైంగికంగా వేధిస్తే, మానవ హక్కుల ట్రిబ్యునల్ 2014లో ఆమెకు 25,000 డాలర్ల పరిహారం ఇప్పించింది. అటువంటిది, రిసెప్షన్‌కు చేరిన మీ మాట వినకపోవడానికి కారణమే లేదు.

వీసా విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అదే చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం తాత్కాలిక వీసాపై ఉన్నవారు ఈ సేవలు అందించకూడదు; అందిస్తే దేశం నుంచి పంపించే అవకాశం ఉంది. స్థానికులకు దక్కిన రక్షణను వలస వచ్చినవారికి సగంలో ఆపేసిన ఈ నిబంధనే ఇటువంటి యజమానుల చేతికి ఆయుధాన్ని ఇచ్చిందని నా అభిప్రాయం. మీరు ఇంకా ఆ పనికి ఒప్పుకోలేదు కాబట్టి ఈ సెక్షన్ మీకు వర్తించదు. మీ చుట్టుపక్కల ఇప్పటికే బలవంతంగా అందులో దిగిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే, ముందుగా కమ్యూనిటీ లా సెంటర్‌లోని వకీలుతో మాట్లాడమనండి. అక్కడ న్యాయ సలహాకు డబ్బు తీసుకోరు.

బాకీ సంగతికి వస్తే, మన పాలమూరు వాళ్లకు దాని గురించి విడిగా చెప్పాల్సిన పనిలేదు. గుంపు మేస్త్రీ పండగ ముందు చేతిలో అడ్వాన్సు పెట్టి, ఏడాదంతా పని చేయించుకుని, చివర్లో లెక్క చూస్తే బాకీ ఇంకా మిగిలే ఉందనేవాడు. మీ పార్లర్ యజమాని నోటుపుస్తకంలో రాసుకుంటున్నదీ అదే లెక్క. నిజంగా డబ్బు రావాల్సి ఉంటే అతను కోర్టుకు వెళ్లవచ్చు, మిమ్మల్ని గదిలోకి పంపే హక్కు మాత్రం దానివల్ల రాదు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. పని మానకుండా ఆపడం కోసం దాన్ని దగ్గర పెట్టుకోవడం ఇక్కడి 2009 ఇమిగ్రేషన్ చట్టం కింద విడిగా నేరం, దానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. తిరిగి ఇమ్మని అడగడానికి ఒంటరిగా వెళ్లకండి. పోలీసుల ద్వారా అడిగించండి, లేదంటే ఆక్లాండ్‌లోని మన కాన్సులేట్‌కు రాయండి.

ఈ రాత్రే అతని వాట్సాప్ సందేశాలకు స్క్రీన్‌షాట్లు తీసి, నమ్మకమైన మరొకరి ఫోన్‌కు పంపండి. షిఫ్టుల పట్టిక కూడా ఫొటో తీసి పెట్టుకోండి. బయటికి రానివ్వకపోతే 111కు ఫోన్ చేసి, తెలుగు దుబాసీ కావాలని అడగండి. వలస కార్మికుల దోపిడీపై ఫిర్యాదులకు 0800 200 088 ఉంది.

జవాబు (నల్లగొండ అన్న, హామిల్టన్):

అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. మిమ్మల్ని ఇక్కడ పనికి పెట్టించిన ఆ ఊరి మనిషికి అసలు పని ఏమిటో ముందే తెలిసి ఉంటే, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన మన దేశపు శిక్షాస్మృతి)లోని 143వ సెక్షన్ అతనిపైకి వస్తుంది. దోపిడీ కోసం మనిషిని మోసగించి పంపడం అక్రమ రవాణాయే. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, పదేళ్ల దాకా పడవచ్చు. మీరు ఇష్టపడే విమానం ఎక్కారన్న వాదన అక్కడ చెల్లదు, ఎందుకంటే బాధితురాలి సమ్మతిని లెక్కలోకి తీసుకోవద్దని ఆ సెక్షనే చెబుతోంది. ఫొటోల బెదిరింపు ఇంటికి చేరకముందే మీ నాన్నగారికో మేనమామకో మీరే చెప్పండి. తర్వాత వాళ్లు దేవరకొండ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. తమ పరిధి కాదని అక్కడివాళ్లు అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు) రాయమని పట్టుబట్టాలి. ఆ ఊరి మనిషికి డబ్బేమైనా ఇచ్చి ఉంటే ఎప్పుడు ఇచ్చారు, చేతికిచ్చారా ఫోన్‌పేలో పంపారా, అప్పుడు ఎదురుగా ఎవరున్నారు అన్నవి అందులో తప్పకుండా రాయించండి.